మార్చిలోనే జూలై వాన చెప్పేవాళ్లను నమ్మొచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు. మీది హుజూరాబాద్ పక్క ఊరు, ఐదెకరాల్లో పత్తి, మక్క వేస్తారు. "ఈసారి వానలు ఇలా ఉంటాయి" అని యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో మార్చి నుంచే చెప్పే ఔత్సాహికులను నమ్మి పంట నిర్ణయాలు తీసుకోవచ్చా అన్నది మొదటిది. ఈ పిచ్చి మీకూ పట్టింది, రాత్రి పన్నెండు దాకా వాన అంచనా మ్యాపులు చూస్తున్నారు, ఇది టైమ్ వేస్టా లేక ఎప్పటికైనా పనికొస్తుందా అన్నది రెండోది.

ముందు నేనెవరో చెప్పాలి. పరకాలలో నాది ఎరువులు, విత్తనాల దుకాణం. చదివింది బీకాం, వాతావరణ శాస్త్రం కాదు. 2008 నుంచి మా డాబా మీద వాన కొలిచే డబ్బా పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఏటా ఏప్రిల్‌లో ఆ వానాకాలం ఎలా ఉంటుందో నా అంచనా కూడా అందులోనే రాస్తాను. ఇన్నేళ్లలో రెండుసార్లు గట్టిగా దెబ్బతిన్నాను. ఆ రెండూ ఎదురెదురు దిక్కుల్లో తగిలిన దెబ్బలు. మీ ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మొదటిది 2015. ఆ ఏప్రిల్‌లో వాతావరణ శాఖ దేశంలో వాన దీర్ఘకాల సగటులో 93 శాతం ఉంటుందని చెప్పింది. జూన్ మొదట్లో దాన్ని 88కి దించింది. కారణం ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం. తీరా జూన్ వచ్చేసరికి వానలు దంచికొట్టాయి. దేశం మొత్తం మీద ఆ నెల సగటు కంటే 16 శాతం ఎక్కువ పడింది. మా దుకాణం ముందు ట్రాక్టర్లు వరుసగట్టాయి. కౌంటర్ వెనక కూర్చుని నేను "ఎల్‌నినో గిల్‌నినో ఏం లేదు, పేపరోళ్ల మాట" అని నవ్వాను. చెల్కలో, అంటే తేలిక ఎర్ర నేలలో, మూడెకరాలే పెడదామనుకున్న ఒక కాక, నా మాట మీద ఇంకో నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి గింజలు పెట్టాడు. జూలైలో వాన ముఖం చాటేసింది. మొలకలు ఆకు ముడుచుకుని, సాళ్లలోనే ఎండిపోయాయి. దేశంలో ఆ సీజను చివరికి 86 శాతం దగ్గర ఆగింది. శాఖ చెప్పిన దానికంటే కూడా తక్కువే. కాక వచ్చి నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మళ్ల రెండు ప్యాకెట్లు రాయి సేటూ, ఖాతాల" అన్నాడు. ఆ రోజు ఆయన మొహం చూడలేక నేను బిల్లు పుస్తకంలోకే చూస్తూ కూర్చున్నాను.

రెండోది 2023. ఈసారి బుద్ధి వచ్చింది కదా, ఎల్‌నినోను గౌరవించాను. దానికి తగ్గట్టే రుతుపవనాలు కేరళకు జూన్ 8న గానీ రాలేదు, తెలంగాణకు జూన్ మూడో వారం దాటాక వచ్చాయి. మృగశిర ఎండలోనే గడిచింది. గ్రూపులో నేను ధీమాగా రాశాను: "ఈ ఏడు బెట్ట. నీళ్లు పొదుపు చేసుకోండి." మా వైపు ఒకాయన చేను గట్టు తెగి ఉంటే, "ఈ ఏడు వాన్లెక్కడివి, వచ్చే ఎండాకాలం పోయించుకుంటా" అని వదిలేశాడు. జూలై 26 రాత్రి మొదలైంది. 27 పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎప్పుడూ రికార్డులో లేదు. నాలుగు నెలల వానాకాలానికి రాష్ట్ర సగటే సుమారు 740 మిల్లీమీటర్లు, దానికి దగ్గర దగ్గరగా ఒక్క రోజులో దిగింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం ఇళ్ల పైకప్పులెక్కి కూర్చున్నారు. నా నోట్‌బుక్‌లో ఆ తేదీ దగ్గర అంకె లేదు. డబ్బా నిండి పొంగిపోయింది, ఎంత పోయిందో తెలియదు. "నిండింది" అని ఒక్క మాట రాసి ఉంది.

అసలు విచిత్రం ఆ తర్వాత. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశంలో అన్నిటికంటే పొడి ఆగస్టు. సీజను మొత్తం 94 శాతం దగ్గర తేలింది. అంటే ఏప్రిల్‌లో నేను రాసుకున్న "సగటు కంటే తక్కువ" అన్న అంచనా దేశం లెక్కలో కరెక్టే! మార్కులు వేస్తే పాసయ్యాను. గట్టు పోయినాయన చేనులో మాత్రం ఇసుక మేట వేసింది.

2015లో సీజను మొగ్గును, అంటే మొత్తం మీద వాన ఎక్కువ వైపా తక్కువ వైపా అన్నదాన్ని, పట్టించుకోకుండా, కళ్లముందు పడిన రెండు వారాల వానను చూసి మొత్తం సీజనును అంచనా కట్టాను. 2023లో సీజను మొగ్గును తీసుకెళ్లి ఒక వారానికి అంటగట్టాను. ఈ సరదా ఉన్నవాళ్లు చేసే తప్పుల్లో ముప్పావు వంతు ఈ రెండింట్లో ఏదో ఒకటే. మీకు కనిపించే యూట్యూబ్ వీడియోలు కూడా ఇవే తప్పులను కాస్త మంచి మ్యూజిక్ పెట్టి చేస్తుంటాయి.

ఎందుకిలా అవుతుందో చూద్దాం. పొయ్యి మీద ఎసరు పెట్టారనుకోండి. ఏ బుడగ ఎక్కడ లేస్తుందో ఎవడూ చెప్పలేడు. మంట ఎక్కువుందా తక్కువుందా చూసి, ఎసరు తొందరగా మరుగుతుందా లేదా అన్నది చెప్పొచ్చు. రోజువారీ వాన బుడగ లాంటిది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రవేత్త కంప్యూటర్‌లో 0.506127 అన్న అంకెకు బదులు 0.506 కొట్టాడు. అంత చిన్న తేడాతో, కొన్నాళ్లకు వచ్చే వాతావరణం పూర్తిగా మారిపోయింది. అందుకే ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా రెండు వారాలు దాటాక "ఫలానా రోజు ఫలానా చోట" అన్న మాటకు విలువ ఉండదు. సముద్రం మాత్రం మంట లాంటిది. వేడెక్కడానికి నెలలు పడుతుంది, చల్లారడానికి నెలలు పడుతుంది. పసిఫిక్ మధ్యలో నీళ్లు మామూలు కంటే అర డిగ్రీ, ఆ పైన వేడెక్కి అలాగే నెలల తరబడి నిలిస్తే దాన్ని ఎల్‌నినో అంటారు. అంత దూరాన ఉన్న ఆ వేడి మన రుతుపవనాలను నీరసపరిచే అవకాశం ఉంది. ఉష్ణమండలంలో ఇలాంటి నెమ్మది సంగతుల వల్లే సీజను అంచనా సాధ్యమని 1981లో చార్నీ, జగదీశ్ శుక్లా అనే శాస్త్రవేత్తలు వివరించారు. ఔత్సాహికుడైనా, ప్రభుత్వ శాఖైనా, సీజను అంచనా అంటూ చేసేది మంటను చూడటమే.

మంటను చూసి మోసపోవడమూ ఉంది. 1997లో పసిఫిక్‌లో ఆ శతాబ్దంలోనే బలమైన ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది. దేశమంతా కరువే అనుకున్నారు. వాన 102 శాతం పడింది. ఆ ఏడు హిందూ మహాసముద్రంలో పడమటి వైపు వేడి, తూర్పు వైపు చల్లదనం ఏర్పడి మనల్ని కాసిందని తర్వాత అర్థమైంది. ఆ తీరుకు ఇండియన్ ఓషన్ డైపోల్ అని పేరు పెట్టింది 1999లోనే. ఇంకోటి, పసిఫిక్ గురించి మార్చి, ఏప్రిల్‌లలో చెప్పే అంచనాలే ఏడాది మొత్తంలో అన్నిటికంటే బలహీనమైనవి. ఆ నెలల్లో సముద్రం ఎటు తిరుగుతుందో పెద్ద పెద్ద కంప్యూటర్ మోడళ్లకే అంతుపట్టదు. మే దాటితే కాస్త తేటపడుతుంది. మార్చిలో ఎవరైనా ఎల్‌నినో పేరు చెప్పి ఖాయంగా మాట్లాడుతుంటే, వాళ్లు ఈ సంగతైనా చదవలేదనుకోవాలి, లేదా చదివీ దాచారనుకోవాలి.

ఇది నిన్నమొన్నటి సరదా కాదు. 1870ల కరువుల తర్వాత, మన వాతావరణ శాఖకు మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచును చూసి రుతుపవనాలను అంచనా కట్టడం మొదలుపెట్టాడు, 1880లలో. ఆ తర్వాత అదే శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచంలోని నలుమూలల పీడనం, ఉష్ణోగ్రతల అంకెలు తెప్పించి, మన వానతో ఏవేవి జతకలుస్తాయో లెక్కలు కట్టించాడు. ఈరోజు మీరూ నేనూ ఎక్సెల్ షీటులో చేసేది అదే. దాంట్లో ఉన్న గుంట కూడా అదే. వంద అంకెలను వానతో పోలిస్తే ఐదారు ఊరికే కలిసొస్తాయి. 2002లో వాతావరణ శాఖ పదహారు సూచికల మోడల్‌తో 101 శాతం అని చెప్పింది. జూలైలో దేశంలో పడాల్సిన వానలో దాదాపు సగమే పడింది, సీజను 81 దగ్గర ఆగింది. అంతమంది శాస్త్రవేత్తలకే అలా అయితే, మామిడి పూత చూసి, చీమల పుట్ట చూసి, గత పదేళ్ల అంకెలు చూసి ఒక్కడే కూర్చుని కట్టే లెక్క సంగతి చెప్పాలా?

ఇక్కడ మా ఆవిడ కథ చెప్పాలి. మొదట్లో నా గొప్పలు భరించలేక, 2009లో తనూ ఒక పాత డైరీ తీసి, "మామూలు వాన" అని రాసింది. మరుసటేడూ "మామూలు వాన". ఏటా అదే మాట. ఇంట్లో అందరూ నవ్వారు. నాలుగేళ్ల తర్వాత మా అబ్బాయి ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొత్తం మీద తనవే నావాటి కంటే దగ్గరగా ఉన్నాయి. నేను "బాగా ఎక్కువ", "బాగా తక్కువ" అని తెగించి రాసిన చోటల్లా మార్కులు పోగొట్టుకున్నాను. శాస్త్రంలోనూ ఇదే పద్ధతి. ఏ అంచనానైనా ముందుగా "ఏటా సగటే" అనే మొద్దు అంచనాతో పోల్చాలి. దాన్ని ఓడించలేకపోతే ఆ అంచనాకు విలువ సున్నా. నేను మా ఆవిడ డైరీని ఓడించడం మొదలుపెట్టింది చాలా ఏళ్లకు, అదీ కొద్ది తేడాతో. తను ఇప్పటికీ రాస్తూనే ఉంది.

మార్కులు వేసుకునే పద్ధతి ఒకటుంది, బ్రయర్ స్కోరు అంటారు. కష్టమేమీ కాదు. "జూన్‌లో మా ఊళ్లో సగటు కంటే ఎక్కువ పడే అవకాశం 70 శాతం" అని రాశారనుకోండి. పడితే 1 లోంచి 0.7 తీసేసి, మిగిలిన 0.3ను దానితోనే గుణించండి, 0.09. పడకపోతే 0.7ను దానితోనే గుణించండి, 0.49. ఎంత తక్కువొస్తే అంత మంచిది. గమనించండి, "వంద శాతం ఖాయం" అని చెప్పి తప్పితే నిండుగా 1 పడుతుంది. కొన్నేళ్లు ఈ లెక్క వేస్తే నోరు దానంతటదే అదుపులోకొస్తుంది. నాకు వచ్చింది.

కార్తెల గురించీ అడగబోతారని తెలుసు, మీ నాన్నగారు కార్తెలే నమ్ముతారని రాశారు కదా. నేను కార్తెలను తీసిపారేయను. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. అందుకే ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తుంది. రోహిణిలో రోళ్లు పగలడం, మృగశిరలో చల్లబడటం మన నేల మీద వందల ఏళ్లుగా చూసి కట్టిన సగటు. అంటే కార్తెలు మా ఆవిడ డైరీ లాంటివి, ఇంకా వివరంగా. ఈ ఏడు మృగశిర తడిగా ఉంటుందా పొడిగా ఉంటుందా అన్నది మాత్రం అవి చెప్పవు. మృగశిర నాడు చేపల కూర తినడానికి ఇదేమీ అడ్డు కాదు, మా ఇంట్లో ఒక్క ఏడు కూడా తప్పలేదు.

సామెతల్లో నాకు నచ్చింది "ఉత్తర చూసి ఎత్తర గంప". అందరూ దాన్ని జోస్యమనుకుంటారు. నాకు గడువులా కనిపిస్తుంది. సెప్టెంబరు నడుమ ఉత్తర కార్తె దాకా చూడు, అప్పటికీ వాన లేకపోతే ఇక ఎదురుచూడకు, గంప నెత్తినెత్తుకుని పనికి పో అని. పత్తి గింజలు జూలై 20 దాటితే పెట్టొద్దు అని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేదీ అలాంటి గడువే. వాన ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎప్పటిదాకా ఆగాలో తెలిసి ఉండటం ఎంత పెద్ద ఆసరానో దుకాణంలో కూర్చుంటే అర్థమవుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఈ మొగ్గును నిర్ణయాల్లో ఎలా వాడాలి?

"సగటు కంటే తక్కువ పడే అవకాశం 45 శాతం" అని ఎక్కడైనా చూస్తే, దాన్ని 33తో పోల్చాలి. ఏమీ తెలియనప్పుడు ఎక్కువ, మామూలు, తక్కువ మూడింటికీ తలా 33. ముప్పైమూడు నలభైఐదు కావడమంటే మొగ్గుంది. అయితే ఇంకా 55 పాళ్లు అలా కాకపోవడానికే ఉన్నాయి. ఆ మొగ్గు మీద మీ పంట మొత్తం మార్చేయడం తప్పు. తక్కువ ఖర్చుతో చేసే సర్దుబాట్లకు మాత్రం అది చాలు. పత్తిలో కంది సాళ్లు కలపడం, ఐదెకరాలూ ఒకేరోజు పెట్టకుండా రెండు దఫాలుగా పెట్టడం, చెరువు కింద వరి వేసేవాళ్లు సాంబమసూరి బదులు తెలంగాణ సోనా లాంటి 125 రోజుల రకం చూసుకోవడం, ఇవన్నీ వాన బాగా పడినా పెద్దగా నష్టపెట్టవు. సాంబమసూరికి మూడు వారాలు ఎక్కువ నీళ్లు కావాలి. చెరువు నిండి మత్తడి దుంకే ఏడు అది తెలియదు, దుంకని ఏడు ప్రాణం మీదికొస్తుంది.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. కల్లంలో మిర్చి ఆరబోశారు. పరదాలు అద్దెకు తెచ్చి కప్పడానికి రెండు వేలనుకుందాం. తడిస్తే రంగు పోయి, తెల్లబారి, ఎనుమాముల మార్కెట్లో ధర పడిపోయి ఇరవై వేలు నష్టమనుకుందాం. రెండును ఇరవైతో భాగిస్తే పదో వంతు. వాన అవకాశం పది శాతం దాటిందంటే కప్పాల్సిందే. తొంభై శాతం పడదని తెలిసీ కప్పాలి. నాలుగుసార్లు ఊరికే కప్పారని పక్క కల్లమాయన నవ్వితే నవ్వనివ్వండి. అదే కౌలుకు ఇంకో నాలుగెకరాలు పట్టాలా అన్నదయితే ఖర్చే నష్టమంత ఉంటుంది. అక్కడ 60 శాతం మొగ్గు కూడా చాలదు. 2015లో కాకకు నేను చెప్పాల్సింది ఇది. అప్పుడు నాకూ తెలియదు.

మీ పొలం హుజూరాబాద్ వైపు కాబట్టి ఇంకో మాట. మీ చుట్టుపక్కల కాకతీయ కాలువ కింద వరి వేసేవాళ్లకు మీ ఊళ్లో పడే వాన కంటే ఎగువన మహారాష్ట్రలో, గోదావరి పరీవాహకంలో పడే వాన ముఖ్యం. ఆ కాలువకు నీళ్లిచ్చే శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) నిండేది దాంతోనే. సీజను అంచనాలకు ఉన్న గుణం ఏమంటే, ప్రాంతం ఎంత పెద్దదైతే అంత నమ్మకం పెరుగుతుంది. ఒక ఊరికి దాదాపు పనికిరాని అంచనా, మరాఠ్వాడా అంత ప్రాంతానికి ఎంతో కొంత పనికొస్తుంది. అందుకే కాలువ కింద రైతుకు ఇది బోరు కింద రైతు కంటే ఎక్కువ ఉపయోగం. ఈ మాట ఏ యూట్యూబరూ చెప్పగా నేను వినలేదు.

ఔత్సాహికుడు నిజంగా నాలుగు రూపాయల పని చేసేది సీజనుకూ రేపటికీ మధ్యలో, అంటే రెండు మూడు వారాల ముందు. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు కనిపెట్టిన ఒక అల ఉంది, ఎంజేఓ అంటారు. భూమధ్యరేఖ పొడవునా పడమటి నుంచి తూర్పుకు ముప్పై నుంచి అరవై రోజుల్లో తిరుగుతుంది. అది హిందూ మహాసముద్రం మీదికొచ్చినప్పుడు మనకు ముసురు పట్టే అవకాశం పెరుగుతుంది, పసిఫిక్ వైపు దాటిపోయాక బెట్ట వచ్చే అవకాశం పెరుగుతుంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా మ్యాపులు పెడుతుంది. యూరప్ వాతావరణ కేంద్రం కంప్యూటర్ మోడల్ 46 రోజుల దాకా చూపిస్తుంది. వీటిని పక్కపక్కన పెట్టుకుని, బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టే సూచన ఉందా చూస్తాను. ఒడిశా తీరం దాటి ఛత్తీస్‌గఢ్ మీదుగా పోయే అల్పపీడనానికి నైరుతి వైపునే పెద్ద వాన పడుతుంది. ఆ నైరుతి మూల చాలాసార్లు భూపాలపల్లి, ములుగు, మన వరంగల్ మీదే పడుతుంది. ఇది తెలిస్తే మ్యాపు మీద గీతలు వేరేగా కనిపిస్తాయి. "వచ్చే రెండు వారాలు బెట్ట అవకాశం ఎక్కువ, యూరియా ఇప్పుడే చల్లకండి, కలుపు మాత్రం తీయించుకోండి" అని దుకాణంలో చెప్పగలుగుతున్నాను. తప్పుతుంది కూడా. తప్పినా రైతుకు పోయేది కొంతే, ఎందుకంటే నేను చెప్పింది పని వెనకాముందు చేసుకొమ్మని.

మూడు నాలుగు రోజుల్లోకి వచ్చాక మాత్రం నా మాట వినొద్దని నేనే గ్రూపులో రాస్తాను. ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు వాతావరణ శాఖవి చూడాలి. పిడుగులకు దామిని యాప్, పంట సలహాలకు మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్. తెలంగాణ వెదర్‌మ్యాన్ లాంటి ఔత్సాహికులకు జనంలో పేరొచ్చింది గంటల లెక్కన, ఏ మండలం మీదికి వాన వస్తుందో చెప్పడంతో. అది వేరే విద్య. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లున్నాయి, వాటి అంకెలు అందరికీ దొరుకుతున్నాయి. అందుకే ఆ పని ఇక్కడ అంత బాగా సాగుతోంది.

యూట్యూబ్ వాళ్లను ఎలా చూడాలి? నేను మూడు చూస్తాను. పోయినేడు చెప్పి తప్పిన వీడియో ఇంకా ఉందా, తీసేశారా? శాతం చెప్పారా, "పడుతుంది, పడదు" అన్నారా? చోటు, ఎంత వాన, ఎన్ని రోజుల లోపల అన్నది చెప్పారా? "జూలై రెండో వారంలో తెలంగాణలో వర్షాలు" అంటే అది అంచనా కాదు, క్యాలెండర్. జూలైలో రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట వాన పడని వారం ఎక్కడుంది? కింద కామెంట్లలో "అన్న చెప్పినట్టే పడింది" అని వందమంది రాస్తారు, పడనివాళ్లు రాయరు. ఉగాది నాడు పంచాంగంలో మేఘాధిపతిని బట్టి చెప్పే వాననూ ఇదే జల్లెడలో వేసి చూసుకోండి. పచ్చడి తింటూ వినడానికి నాకూ ఇష్టమే.

టైమ్ వేస్టా అంటే, రాత్రి పన్నెండు దాకా పదహారో రోజు మ్యాపు, అంటే పదహారు రోజుల తర్వాతి అంచనా, చూడటం టైమ్ వేస్టే. ఇంకో ఆరు గంటల తర్వాత అదే మ్యాపు ఇంకో కథ చెబుతుంది, మీకు అనవసరమైన టెన్షన్. ఒక నెల చేసి చూడండి. రోజూ ఒకే టైమ్‌కు పదో రోజు అంచనాను ఒక కాగితం మీద రాయండి, ఆ రోజు వచ్చాక నిజంగా ఏం జరిగిందో పక్కన రాయండి. ఆ తర్వాత మీరే పదహారో రోజు మ్యాపు తెరవరు.

మరి ఈ పనిలో ఉన్న సుఖం ఏమిటంటారా? నాకైతే పొద్దున డాబా ఎక్కి డబ్బా మూత తీసేటప్పుడు ఉంటుంది. రాత్రంతా చప్పుడు విని ముప్పై మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటాను, తీరా పన్నెండు ఉంటుంది. ఊళ్లో అందరూ "దంచి కొట్టింది" అంటారు. పన్నెండుకు రేగడిలో నాగలి దిగేంత తడి కూడా ఉండదని డబ్బాకు తెలుసు. ఇన్నేళ్ల నోట్‌బుక్కులు వెనక్కి తిప్పితే కొన్ని తేదీల పక్కన పెళ్లి, పక్కింటి ముసలమ్మ పోయిన రోజు, మా అబ్బాయి ఇంటర్ రిజల్ట్ కూడా ఉన్నాయి, వాన అంకె పక్కనే.

మీరు మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వాన కొలిచే ప్లాస్టిక్ డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లేదా నిలువు గోడలున్న, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఏదైనా సరే, నిలిచిన నీళ్లను స్కేలుతో కొలవండి. మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు లీటరు, ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైచిలుకు, ఒక ట్యాంకరు అనుకోండి. చెట్టుకు, గోడకు దూరంగా పెట్టండి. మొదట్లో నాది నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి, ట్యాంకు పొంగినప్పుడల్లా ఊళ్లో లేని వాన రాసుకున్నాను. పెద్దది కొనండి, నాలాగా "నిండింది" అని రాయాల్సిన పని రాకూడదు.

పత్తికి మాత్రం మార్చి అంచనా, మే అంచనా రెండూ పక్కన పెట్టండి. డబ్బాలో మొత్తం కలిపి 60 మిల్లీమీటర్లు దాటే దాకా, మీది రేగడి అయితే 75 దాకా, గింజ పెట్టకండి. రుతుపవనాలు ముందొచ్చినా సరే. 2025లో కేరళకు మే 24నే వచ్చాయి, రెండు రోజుల్లో తెలంగాణను తాకాయి. అది చూసి తొందరపడి పొడి దుక్కిలో పెట్టినవాళ్లు జూన్‌లో నా దుకాణానికి రెండోసారి వచ్చారు. మీ ఐదెకరాల్లో చెల్క ఎంత, రేగడి ఎంత, బోరు ఉందా అన్నది రాయలేదు. అది రాస్తే రెండు దఫాలుగా ఎలా విడగొట్టాలో చెబుతాను.